నేరం చేస్తే మనిషి, అమ్మితే సరుకు: అమెరికా తోటల్లో బానిసల చట్టం, బతుకు

1656లో, అమెరికాలో ఇంగ్లిషువాళ్ల వలస రాజ్యంగా ఉన్న వర్జీనియా కోర్టులో ఎలిజబెత్ కీ అనే యువతి ఒక కేసు గెలిచింది. ఆమె తండ్రి ఇంగ్లిషువాడు, వర్జీనియా చట్టసభలో సభ్యుడిగా ఉన్నవాడు. తల్లి ఆఫ్రికా నుంచి వచ్చిన స్త్రీ. తండ్రి పోయాక చేతులు మారి చివరికి ఒక చనిపోయిన ఆసామి ఆస్తి జాబితాలోకి ఎక్కిన ఎలిజబెత్, తాను బానిసను కానని వాదించింది. ఇంగ్లండు ఆచారం ప్రకారం బిడ్డ హోదా తండ్రిని బట్టి వస్తుంది. తాను బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవురాలు. సేవ చేయాల్సిన గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. ఈ మూడు వాదనలతో ఆమె స్వేచ్ఛ సంపాదించుకుంది.

ఆ దారిని వర్జీనియా పెద్దలు ఎక్కువ రోజులు తెరిచి ఉంచలేదు. 1662 డిసెంబరులో చట్టసభ ఒక చట్టం చేసింది: ఇకమీదట బిడ్డ బానిసో స్వతంత్రుడో తల్లి స్థితిని బట్టే తేలుతుంది. 1667లో ఇంకో చట్టం వచ్చింది: బాప్తిస్మం ఇచ్చినంత మాత్రాన బానిస హోదా మారదు. ఎలిజబెత్ కీ వాదనల్లో ముఖ్యమైన రెండూ అలా చెల్లకుండా పోయాయి. మిగతా దక్షిణాది వలసలు కూడా దాదాపు ఇదే బాట పట్టాయి.

తల్లి స్థితే బిడ్డకు అనే ఈ చిన్న వాక్యం తర్వాత రెండు వందల ఏళ్ల అమెరికా బానిసత్వానికి పునాది రాయి. ఇంగ్లిషు సమాజం ఇంటి పేరు, ఆస్తి, హోదా అన్నీ తండ్రి వైపు నుంచే లెక్కపెట్టేది. ఈ ఒక్క విషయంలోనే లెక్క తిరగేసింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. యజమానికి, బానిస స్త్రీకి పుట్టిన బిడ్డకు తండ్రి హోదా ఇస్తే ఆస్తి తగ్గిపోతుంది, తల్లి హోదా ఇస్తే పెరుగుతుంది. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ పిల్లల సంగతి చూస్తే ఈ చట్టం ఎంత దూరం వెళ్లిందో అర్థమవుతుంది. శాలీ తాత అవ్వలు నలుగురిలో ముగ్గురు తెల్లవాళ్లు. ఆమె పిల్లల్లో ఆఫ్రికన్ వంశం ఎనిమిదో వంతు మాత్రమే. అప్పటి వర్జీనియా చట్టం ప్రకారం వాళ్లు తెల్లవాళ్ల కిందే లెక్క. అయినా బానిసలే, తల్లి బానిస కాబట్టి. రంగును బట్టి బానిసత్వం అని మనం మామూలుగా అనుకుంటాం గానీ, కాగితం మీద దాన్ని నడిపించింది తల్లి గర్భం.

తోటల బానిసత్వం అనగానే చట్టం చేరని మారుమూలల్లో జరిగిన దౌర్జన్యం అనే బొమ్మ కళ్లముందు కదులుతుంది. నిజానికి అక్కడ చట్టానికి లోటే లేదు. కొనుగోలు పత్రాలు, తనఖా రిజిస్టర్లు, వీలునామాలు, బీమా పాలసీలు, హైకోర్టు తీర్పులు, జరిమానాల పట్టికలు అన్నీ ఉన్నాయి. 1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసలు 39 లక్షల 50 వేల పైచిలుకు. వాళ్లలో సుమారు సగం మంది ఇరవై మందికి తక్కువ కాకుండా బానిసలున్న తోటల్లోనే ఉండేవాళ్లు. వాళ్ల తిండి, నిద్ర, పెళ్లి, చావు ఎలా ఉండేవో తెలియాలంటే ముందు ఆ కాగితాలు చదవాలి.

మనిషీ అతనే, వస్తువూ అతనే

లూసియానా 1825 సివిల్ కోడ్ బానిసను సూటిగా నిర్వచించింది. బానిస అంటే యజమాని అధీనంలో ఉన్నవాడు. యజమాని అతన్ని అమ్మవచ్చు, అతని శరీరాన్ని, నైపుణ్యాన్ని, శ్రమను ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు. బానిస ఏదీ చేయలేడు, ఏదీ కలిగి ఉండలేడు, ఏది సంపాదించినా అది యజమానిదే. అలబామా సుప్రీంకోర్టు 1861లో ఇంకో మెట్టు ఎక్కి అసలు గుట్టు చెప్పేసింది. బానిసలు బుద్ధిజ్ఞానాలున్న మనుషులే, నేరాలు చేయగల సమర్థులే, కాబట్టి నేరాల విషయంలో వాళ్లు వ్యక్తులు. కానీ ఒప్పందాలు, ఆస్తి, వారసత్వం లాంటి పౌర వ్యవహారాల్లో వాళ్లు వస్తువులు, వ్యక్తులు కారు. ఆ తీర్పు సారాంశం ఇదే. దీన్ని ఒక వైరుధ్యంగా చూసి చట్టం తడబడిందని కొందరు రాస్తారు. తడబాటు ఏమీ లేదు. ఎక్కడ మనిషి అనాలో, ఎక్కడ వస్తువు అనాలో ప్రతిసారీ ఒకరి లాభాన్ని బట్టే తేలింది.

వస్తువు అనే మాట ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎలా పనిచేసిందో వర్జీనియా 1669 చట్టం చూపిస్తుంది. ఎదురు తిరిగిన బానిసను శిక్షిస్తుండగా అతను చనిపోతే అది హత్య కాదు. కారణం కూడా చట్టంలోనే రాశారు: తన సొంత ఆస్తిని తానే కావాలని నాశనం చేసుకునేంత దురుద్దేశం ఎవరికీ ఉంటుందని అనుకోలేం. కొట్టి చంపినవాడికి ఆ బానిస తన ఆస్తి కావడమే సాక్ష్యంగా పనికొచ్చింది!

1739లో సౌత్ కరొలైనాలో స్టోనో అనే బానిసల తిరుగుబాటు జరిగాక, 1740లో ఆ వలస ఒక పెద్ద బానిస చట్టం తెచ్చింది. బానిసలకు రాయడం నేర్పితే 100 పౌండ్ల జరిమానా. వాళ్లు ఏ రకం ముతక బట్ట కట్టుకోవచ్చో కూడా అందులో రాసి ఉంది. విచిత్రంగా అదే చట్టంలో పని గంటలకు హద్దు కూడా ఉంది: మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా రోజుకు 15 గంటలు, మిగతా కాలంలో 14 గంటలు మించరాదు. బానిసను కావాలని చంపితే 700 పౌండ్లు, ఆవేశంలో గానీ శిక్ష మితిమీరి గానీ చంపితే 350 పౌండ్లు జరిమానా. చదవడానికి రక్షణలాగే ఉంటుంది. అయితే ఫిర్యాదు చేయాల్సినవాడికి కోర్టులో తెల్లవాడి మీద సాక్ష్యం చెప్పే హక్కు లేదు. తెల్ల సాక్షి లేని చోట బానిసకు దెబ్బలు తగిలితే యజమానినే దోషిగా భావించాలని చట్టం అంటుంది, కానీ ఆ యజమాని తాను చేయలేదని ప్రమాణం చేస్తే చాలు, బయటపడొచ్చు.

ఈ వ్యవస్థ మనసులో మాట దాచుకోకుండా చెప్పిన తీర్పు నార్త్ కరొలైనాది. లిడియా అనే బానిస స్త్రీని జాన్ మాన్ అనే వ్యక్తి ఆమె యజమానురాలి దగ్గర అద్దెకు తీసుకున్నాడు. చిన్న తప్పుకు శిక్షించబోతే ఆమె పరిగెత్తింది. ఆగమన్నా ఆగలేదని తుపాకితో కాల్చి గాయపరిచాడు. కింది కోర్టు అతనికి జరిమానా వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టులో జడ్జి థామస్ రఫిన్ ఆ శిక్ష కొట్టేశాడు. స్టేట్ వర్సెస్ మాన్ అనే ఈ తీర్పులో ఆయన వాదన: బానిస శ్రమ యజమాని లాభం కోసమే. ఆ శ్రమలో బానిసకు వచ్చేది ఏమీ లేదు గనుక, ఇష్టపడి పనిచేస్తాడని ఆశించలేం. కాబట్టి బానిస లొంగుబాటు సంపూర్ణం కావాలంటే యజమాని అధికారం సంపూర్ణంగా ఉండాలి. ఇది మనిషిగా తనకు కటువుగా తోస్తోందనీ, కానీ బానిసత్వం ఉన్నంతకాలం ఇంతేననీ ఆయనే ఒప్పుకున్నాడు. బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు రాసిన ఎన్నో కరపత్రాల కంటే ఈ సమర్థకుడి తీర్పే దాన్ని బాగా బట్టబయలు చేసింది.

అదే రఫిన్ 1839లో, మీరా అనే గర్భవతిని నెలల తరబడి చిత్రహింసలు పెట్టి చంపిన జాన్ హూవర్ అనే యజమానికి పడిన ఉరిశిక్షను ఖరారు చేశాడు. కాబట్టి యజమానికి హద్దే లేదని అనడం తప్పు. పందొమ్మిదో శతాబ్దం నాటికి చాలా రాష్ట్రాల్లో బానిసను పనిగట్టుకుని చంపడం నేరమే. కాకపోతే ఆ హద్దు ఎక్కడ ఉందో చూడాలి: చంపడానికి ఇవతల ఉన్నదంతా, అంటే కొరడా, గొలుసు, ఆకలి, అత్యాచారం, యజమాని విచక్షణకు వదిలేశారు.

అత్యాచారం సంగతి వేరుగా చెప్పుకోవాలి. మిస్సోరీలో రాబర్ట్ న్యూసమ్ అనే రైతు 1850లో సీలియా అనే పద్నాలుగేళ్ల అమ్మాయిని కొని, అప్పటి నుంచీ ఐదేళ్ల పాటు ఆమె మీద అత్యాచారం చేస్తూ వచ్చాడు. 1855 జూన్‌లో ఒక రాత్రి అతను మళ్లీ వచ్చినప్పుడు సీలియా కర్రతో కొట్టి చంపేసింది. మిస్సోరీ చట్టం ఏ స్త్రీనైనా బలవంతం చేయడం నేరమని చెప్పేది, మానరక్షణ కోసం ఎదిరించడాన్ని మన్నించేది. ఏ స్త్రీ అయినా అన్నప్పుడు అందులో బానిస స్త్రీ కూడా వస్తుందని ఆమె లాయర్లు వాదించారు. జూరీకి ఆ మాట చెప్పడానికి జడ్జి ఒప్పుకోలేదు. అదే ఏడాది డిసెంబరు 21న సీలియాను ఉరి తీశారు. చంపినందుకు విచారణ ఎదుర్కొనేంత మనిషి, చెరచకూడనంత మనిషి మాత్రం కాదు. నాలుగేళ్ల తర్వాత మిసిసిపీ హైకోర్టు ఇంకా కిందికి దిగింది. పదేళ్లు కూడా నిండని బానిస బాలికపై అత్యాచారం చేశాడని జార్జ్ అనే బానిసకు పడిన శిక్షను, బానిసల మధ్య అలాంటి నేరానికి చట్టమే లేదంటూ రద్దు చేసింది.

సాక్ష్యం చెప్పే హక్కు లేకపోవడం ఎంత పెద్ద లోటో సాలమన్ నార్తప్ కథలో కనిపిస్తుంది. న్యూయార్క్‌లో స్వతంత్రుడిగా పుట్టిన నార్తప్‌ను 1841లో వాషింగ్టన్‌లో ఎత్తుకుపోయి లూసియానాలో అమ్మేశారు. పన్నెండేళ్ల తర్వాత 1853లో విడుదలై, తనను బంధించి అమ్మిన వ్యాపారి మీద వాషింగ్టన్‌లోనే కేసు వేశాడు. అప్పటికి అతను మళ్లీ స్వతంత్ర పౌరుడే. కానీ నల్లవాడు. తెల్లవాడికి వ్యతిరేకంగా అతని వాంగ్మూలం తీసుకోవడానికి కోర్టు నిరాకరించింది, వ్యాపారి బయటపడ్డాడు. బానిస చట్టం నీడ బానిసల దగ్గరే ఆగలేదన్నమాట. 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోసం వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆఫ్రికన్ సంతతివాళ్లు బానిసలైనా స్వతంత్రులైనా దేశ పౌరులు కాలేరని తీర్పు చెప్పడం ఈ దారిలో చివరి మజిలీ.

ఇంకో చిన్న వివరం. నేరం చేసిన బానిసను వర్జీనియా ప్రభుత్వం ఉరి తీస్తే, యజమానికి అతని ధర కట్టి నష్టపరిహారం ఇచ్చేది. ఒకే మనిషి ఒకే రోజున ఉరికంబం మీద వ్యక్తి, ఖజానా లెక్కలో ఆస్తి.

తనఖాలో ఉన్న కుటుంబం

తోటల బతుకు గురించి చెప్పేటప్పుడు కొరడా మీదే చూపు నిలుస్తుంది. బానిసలు రాసిన, చెప్పిన జ్ఞాపకాల్లో మాత్రం కొరడా కంటే ఎక్కువగా భయపెట్టింది అమ్మకం. అదీ యజమాని కోపంతో చేసిన అమ్మకం మాత్రమే కాదు. అతని అప్పులు, అతని చావు, అతని కూతురి పెళ్లి.

బానిస అంటే తేలిగ్గా తాకట్టు పెట్టగల ఆస్తి. భూమిని అమ్మాలంటే కొనేవాడు అక్కడికి రావాలి. మనిషైతే తానే నడిచి సంతకు వెళ్లగలడు. లూసియానాలో సిటిజన్స్ బ్యాంక్, కెనాల్ బ్యాంక్ అనే రెండు బ్యాంకులు 1831 నుంచి 1865 మధ్య సుమారు 13,000 మంది బానిసలను అప్పులకు హామీగా తీసుకున్నాయి. బాకీలు తీరక దాదాపు 1,250 మంది ఆ బ్యాంకుల సొంతమయ్యారు. వాటి వారసత్వం ఉన్న జేపీమోర్గాన్ చేజ్ 2005లో ఈ లెక్కలు బయటపెట్టి క్షమాపణ చెప్పింది. బానిసల ప్రాణాలకు యజమానుల పేరిట బీమా పాలసీలు అమ్మినందుకు ఏట్నా కంపెనీ 2000లో క్షమాపణ చెప్పింది. లూసియానా చట్టంలో అయితే కొన్న బానిసలో దాచిపెట్టిన లోపం ఉంటే సరుకు వాపసు చేసే వీలుంది. పారిపోయే అలవాటు కూడా ఆ లోపాల్లో ఒకటి.

జెఫర్సన్ 1820లో తన అల్లుడికి రాసిన ఉత్తరంలో, రెండేళ్లకో బిడ్డను కనే స్త్రీ పొలంలో అందరికంటే బాగా పనిచేసే మగవాడి కంటే లాభసాటి అని రాశాడు. 1662 నాటి చట్టాన్ని లెక్కల పుస్తకంలోకి ఎక్కిస్తే వచ్చే మాట ఇదే. ఆరేళ్లకు ఆయన లక్ష డాలర్లకు పైగా అప్పులతో చనిపోయాడు. వీలునామాలో ఐదుగురికి మాత్రమే విముక్తి ఇచ్చాడు. 1827 జనవరిలో మాంటిచెల్లో అనే ఆయన ఇంటి ముందు 130 మందిని వేలం వేశారు. విముక్తి దొరికిన ఐదుగురిలో జోసెఫ్ ఫాసెట్ అనే కమ్మరి ఒకడు. అతను స్వతంత్రుడైనా, అదే వేలంలో అతని భార్య ఈడిత్, పిల్లలు వేర్వేరు చేతుల్లోకి వెళ్లిపోయారు. దయ చూపిన వీలునామాకు కూడా కుటుంబం అనేది కనబడలేదు.

ఇందులో ఆశ్చర్యం లేదు, చట్టం దృష్టిలో బానిసకు పెళ్లే లేదు. పెళ్లి ఒక ఒప్పందం, బానిస ఒప్పందం చేసుకోలేడు. తోటల్లో పెళ్లిళ్లు జరిగేవి, పాస్టర్లు వచ్చేవాళ్లు, కానీ చావు విడదీసేదాకా అనే చోట చావో దూరమో విడదీసేదాకా అని చదివేవాళ్లు. భార్య ఒక తోటలో, భర్త ఇంకో తోటలో ఉండి శనివారం రాత్రి యజమాని రాసిచ్చిన అనుమతి చీటీ పట్టుకుని కలుసుకునే దంపతులు ఎంతోమంది. లూసియానా చట్టం పదేళ్లలోపు పిల్లల్ని తల్లి నుంచి విడదీసి అమ్మకూడదని చెప్పింది. అక్కడ పదకొండో ఏడు వచ్చిన బిడ్డ విడి సరుకు. చాలా రాష్ట్రాల్లో ఆ మాత్రం కూడా లేదు.

1808లో ఆఫ్రికా నుంచి దిగుమతి నిషేధించాక, పత్తి కోసం కావాల్సిన మనుషులంతా దేశం లోపలి నుంచే రావాల్సి వచ్చింది. వర్జీనియా, మేరీల్యాండ్ లాంటి పాత పొగాకు నేలల నుంచి అలబామా, మిసిసిపీ, లూసియానాలకు 1790, 1860 మధ్య దాదాపు పది లక్షల మందిని తరలించారు. గొలుసులతో వరసగా కట్టి వందల మైళ్లు నడిపించారు, ఓడల్లో పంపారు. 1838లో మేరీల్యాండ్‌లోని జెసూట్ అనే కాథలిక్ సంఘం పాదిరీలు తమ 272 మంది బానిసలను లూసియానాకు అమ్మేసి, వచ్చిన డబ్బులో కొంత జార్జిటౌన్ కాలేజీ అప్పులకు కట్టారు.

1859 మార్చి 2, 3 తేదీల్లో జార్జియాలోని సవానా దగ్గర గుర్రప్పందేల మైదానంలో జరిగిన వేలం అన్నిటికంటే పెద్దవాటిలో ఒకటి. జూదంలో, షేర్లలో ఆస్తి పోగొట్టుకున్న పియర్స్ బట్లర్ తన వాటా కింది 436 మందిని జాబితాలో పెట్టాడు. గుర్రాల కొట్టాల్లో వాళ్లను ఉంచి, కొనేవాళ్లకు పళ్లు, చేతులు చూపించారు. 3 లక్షల డాలర్ల పైన వచ్చింది. కుటుంబాలను విడదీయకూడదనే షరతు ఈ వేలంలో ఉంది. అయితే కుటుంబం అంటే భార్య, భర్త, పిల్లలు. ముసలి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, పెళ్లి కుదిరిన జంటలు అందులోకి రారు.

పత్తి, వరి, చెరకు

పని ఎలా ఉండేదన్నది పంటను బట్టి మారింది, ఈ తేడా చాలా వ్యాసాల్లో కనబడదు. పత్తి తోటల్లో గుంపు పద్ధతి. చీకటితో పొలానికి వెళ్లి, చూపు ఆనేదాకా వరసల్లో పని, వెనక పని చేయించే ఓవర్‌సీర్ గానీ, బానిసల్లోంచే ఎంచిన మేస్త్రీ గానీ. నార్తప్ ఉన్న లూసియానా తోటలో మామూలు లెక్క రోజుకు 200 పౌన్ల పత్తి, అంటే 90 కిలోలు. సాయంత్రం బుట్ట తీసుకుని, పత్తి తూచి గింజలు తీసే జిన్ను దగ్గరికి వెళ్లేటప్పుడు ఉండే టెన్షన్ గురించి అతను రాసిన మాటలు ఏ గణాంకాలకూ తీసిపోవు. బరువు తగ్గితే కొరడా. ఎక్కువ తూగితే రేపటి నుంచి అదే లెక్క. కాబట్టి ఎటు తూగినా భయమే.

సౌత్ కరొలైనా, జార్జియా తీరంలోని వరి మడుల్లో వేరే పద్ధతి. మనిషికి ఇంతని, మామూలుగా పావు ఎకరం, రోజు పని కొలిచి ఇచ్చేవాళ్లు. అది అయిపోతే మిగతా పొద్దు తనది. ఈ పద్ధతి వల్ల అక్కడి బానిసలు సొంతంగా కూరగాయలు, కోళ్లు పెంచుకోగలిగారు. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండించిన ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉండటంతో నాటడం, రోట్లో దంచడం, చేటతో చెరగడం వాళ్ల చేతిలో ఉన్న విద్యే. కానీ మోకాలి లోతు నీటి మడులు, మలేరియా కలిసి ఆ తీరాన్ని శ్మశానంగా మార్చాయి. ఎండాకాలం రాగానే యజమానుల కుటుంబాలు అక్కడి నుంచి వెళ్లిపోయేవి. వెళ్లే వీలు లేనివాళ్లు మిగిలేవాళ్లు.

లూసియానా చెరకు అన్నిటికంటే కఠినం. నరికిన చెరకును వెంటనే గానుగాడించకపోతే పాడవుతుంది, మంచు పడేలోగా పంటంతా తీయాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా రాత్రింబవళ్లు షిఫ్టులు, 16 నుంచి 18 గంటల పని, మరిగే బాణలి పక్కన నిద్రమత్తులో కాలిన చేతులు. దేశమంతా బానిసల సంఖ్య సహజంగా పెరుగుతున్న కాలంలో కూడా చెరకు నేలల్లో చావులు పుట్టుకలను మించేవి. అక్కడికి అమ్మేస్తామని బెదిరించడం వర్జీనియాలో ఒక శిక్ష.

కూడు, గుడ్డ, పసిపిల్లలు

వారానికి మనిషికి సుమారు మూడు మూడున్నర పౌన్ల పంది మాంసం, ఒక కొలత మొక్కజొన్న పిండి: తోటల్లో ఇది దాదాపు ప్రమాణం. బానిసగా పుట్టి, తప్పించుకుని తన కథ రాసిన ఫ్రెడరిక్ డగ్లస్ పెరిగిన మేరీల్యాండ్ తోటలో పెద్దవాళ్లకు నెలకు ఎనిమిది పౌన్ల మాంసం లేదా చేపలు, ఒక బుషెల్ (సుమారు 35 లీటర్ల కొలత) పిండి ఇచ్చేవాళ్లు. బట్టలు ఏడాదికోసారి: రెండు ముతక చొక్కాలు, ఎండాకాలానికో లాగు, చలికాలానికి ఒక కోటు, ఒక లాగు, ఒక జత మేజోళ్లు, ఒక జత చెప్పులు. పొలం పనికి రాని పిల్లలకు రెండు చొక్కాలే. అవి చిరిగితే మళ్లీ ఏడు తిరిగేదాకా బట్టలు లేకుండానే. చలికి పగిలిన తన పాదాల చీలికల్లో కలం పెట్టవచ్చని డగ్లస్ రాసుకున్నాడు. పిల్లలకు జావ చెక్క తొట్టిలో పోసి నేల మీద పెట్టేవాళ్లు, ఆల్చిప్పలతో, చేతులతో ఎవరు తొందరగా తింటే వాళ్ల కడుపు నిండేది.

పిల్లలకు ఎందుకింత తక్కువ? దీనికి జవాబు ఆర్థిక చరిత్రకారులు తోటల లెక్కల పుస్తకాల్లో, బానిసలను ఓడల్లో తరలించినప్పుడు నమోదు చేసిన ఎత్తుల్లో వెతికారు. బానిస పిల్లల్లో దాదాపు సగం మంది ఐదేళ్లు నిండకుండా చనిపోయారు. బతికినవాళ్లు ఈడుకు తగ్గ ఎత్తు లేక బాగా పొట్టిగా ఉండేవాళ్లు. పదేళ్ల వయసు దాటి పొలం పనిలోకి దిగాక మాత్రం గబగబా ఎదిగి పెద్దయ్యేసరికి కొంత లోటు పూడ్చుకునేవాళ్లు. మాంసం రేషన్ మొదలయ్యేది పనితో పాటే. తిండిని అవసరాన్ని బట్టి పెట్టలేదు, రాబడిని బట్టి పెట్టారు. మంచి యజమాని, చెడ్డ యజమాని అనే తేడా ఈ లెక్కను పెద్దగా మార్చలేదు.

తల్లుల మీద కూడా ఇదే లెక్క. సవానా వేలం వేసిన పియర్స్ బట్లర్ వరి తోటలో 1839లో కొంతకాలం ఉన్న అతని భార్య, నటి ఫ్యానీ కెంబుల్ దగ్గరికి గర్భవతులు కొందరు వచ్చి ఒక కోరిక కోరారు: పురుడు పోసుకున్న మూడు వారాలకే పార పట్టించకుండా, ఒక నెల దాకా ఆగనివ్వమని. పచ్చి బాలింతకు మన ఇళ్లలో పాటించే పట్టింపులు తెలిసినవాళ్లకు ఆ ఒక్క వారం కోసం అడిగిన తీరు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. ఎక్కువ మంది పిల్లలే లాభమని ఉత్తరాల్లో రాసుకున్న వ్యవస్థ, ఆ పిల్లలు బతకడానికి కావాల్సిన వారం రోజులను మాత్రం పని నష్టంగా చూసింది. తన లాభం తానే చూసుకోవడం తెలిసిన యజమాని ఆస్తిని జాగ్రత్తగా చూసుకుంటాడనే వాదన, 1669 నుంచి వినిపించిన ఆ వాదన, ఇక్కడే వీగిపోతుంది.

ఇళ్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. దుంగలతో కట్టిన ఒకే గది, మట్టి నేల, పొగగూడు, అందులో ఒక కుటుంబం, కొన్నిసార్లు రెండు. డగ్లస్ తోటలో మంచాలు లేవు, పెద్దవాళ్లకు తలా ఒక ముతక కంబళి.

చూసీచూడనట్టు వదిలేసినవి

చట్టం ప్రకారం బానిసకు ఏ ఆస్తీ ఉండదు. తీరంలో వరి పండే చోట మాత్రం బానిసలకు కోళ్లు, పందులు, ఆవులు, కొందరికి గుర్రాలు, బళ్లు కూడా ఉండేవి. వాటిని తమలో తాము కొనుక్కున్నారు, పిల్లలకు ఇచ్చారు, యజమానికే గుడ్లు అమ్మి డబ్బు తీసుకున్నారు. 1861-65 నాటి అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం వాటిని పట్టుకుపోయింది. 1871లో ప్రభుత్వం నష్టపరిహారానికి సదరన్ క్లెయిమ్స్ కమిషన్ పెట్టినప్పుడు, జార్జియాలోని లిబర్టీ కౌంటీ నుంచి పాత బానిసలు వచ్చి ఈ ఆవు నాది, ఈ బండి నాది అని సాక్ష్యం చెప్పారు. బానిసకు ఆస్తి ఎక్కడిది అని అధికారులు అడిగితే, అది వాళ్లదేనని చెప్పడానికి ఇరుగుపొరుగు ముందుకొచ్చారు. చట్టం కింద లేని హక్కును ఊరి ఆచారం నిలబెట్టింది. యజమానులు ఎందుకు ఊరుకున్నారంటే తమ తిండి తామే పండించుకునే బానిస రేషన్ ఖర్చు తగ్గిస్తాడు, సొంత కోళ్లున్నవాడు పారిపోవడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. అయినా ఆ కోళ్ల లెక్క యజమాని మాటతో ఏ రోజైనా మారిపోవచ్చు.

తోట దాటాలంటే చీటీ కావాలి. రోడ్ల మీద రాత్రిళ్లు తిరిగే తెల్లవాళ్ల గస్తీ దళాలు చీటీ లేనివాళ్లను అక్కడికక్కడే కొట్టవచ్చు. చదువు మీద నిషేధానికీ చీటీకీ సంబంధం ఉంది: రాయడం వచ్చినవాడు తన చీటీ తానే రాసుకుంటాడు. 1831 ఆగస్టులో వర్జీనియాలో, బైబిల్ చదవగల నాట్ టర్నర్ నడిపిన తిరుగుబాటు తర్వాత ఈ భయం రెట్టింపైంది. అలబామా 1832లో బానిసలకే కాక స్వతంత్ర నల్లవాళ్లకు కూడా చదవడం, రాయడం నేర్పడాన్ని నేరం చేసింది.

రద్దు తర్వాత

బానిసత్వం రద్దయినప్పుడు నష్టపోయింది ఎవరని చట్టం అనుకుందో పరిహారం చెక్కులు చూస్తే తెలుస్తుంది. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో బానిసలను విడిపించినప్పుడు అమెరికా ప్రభుత్వం మనిషికి 300 డాలర్ల దాకా ఇచ్చింది, యజమానులకు. బ్రిటన్ అంతకుముందే 1833 చట్టంతో తన వలసల్లోని యజమానులకు 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. మారిషస్ చెరకు తోటల వాళ్లకూ అందులో వాటా వెళ్లింది. ఖాళీ అయిన ఆ తోటల్లోకే తర్వాత ఒప్పంద కూలీలుగా కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు ఓడలెక్కారు, అక్కడ వాళ్లకు కోరంగీలనే పేరు పడింది. ఆ కూలీల కష్టాలు తక్కువేమీ కావు గానీ, ఒప్పందానికి గడువు ఉంది, జీతం ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా తల్లి ఒప్పందం బిడ్డకు పుట్టుకతో అంటుకోలేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేవాళ్లు ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మంచిది.

1865 డిసెంబరులో అమలులోకి వచ్చిన అమెరికా రాజ్యాంగ పదమూడో సవరణ, నేరానికి శిక్షగా తప్ప బానిసత్వం ఉండరాదని చెప్పింది. ఆ సడలింపును దక్షిణాది రాష్ట్రాలు వెంటనే పసిగట్టాయి. సవరణ అమలుకు ముందే, నవంబరులో, మిసిసిపీ నల్లవాళ్ల కోసం కొత్త చట్టాలు చేసింది. 1866 జనవరి కల్లా ఎక్కడో పనిలో ఉన్నట్టు కాగితం చూపించాలి. చూపించలేకపోతే తిరుగుబోతు కింద జరిమానా, కట్టలేకపోతే ఆ జరిమానా కట్టినవాడి దగ్గర చాకిరీ. తల్లిదండ్రులు పోషించలేరని కోర్టు భావించిన పిల్లల్ని పని నేర్పే పేరుతో అప్పగించవచ్చు, అందులో మొదటి అవకాశం పాత యజమానికే.

దీనికి జవాబుగా అమెరికా కాంగ్రెస్ 1866 ఏప్రిల్‌లో, అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటోను కాదని, పౌర హక్కుల చట్టం చేసింది. అందులో రాసిన హక్కుల వరస: ఒప్పందం చేసుకోవడం, దావా వేయడం, కోర్టులో సాక్ష్యం చెప్పడం, వారసత్వం పొందడం, భూమి, సొత్తు కొనడం, అమ్మడం, కలిగి ఉండటం. రెండు వందల ఏళ్ల బానిస చట్టాలను ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్క పేజీ తిరగేస్తూ రాసిన జాబితాలాగే ఉంటుంది అది.